అది బట్ట కాదు, వైద్య పరికరం

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. కాన్పులో కుడి భుజం నరాలు సాగి చెయ్యి పడిపోయింది. చాలావరకు కోలుకున్నాడు గానీ చెయ్యి ఇంకా లోపలికే తిరిగి ఉంటుంది. ఫిజియోథెరపీతో పాటు ఒంటికి బిగుతుగా ఉండే లైక్రా సూట్ వేయమన్నారు. బెంగళూరులోనే ఒక షాపులో కొలతలిచ్చి కుట్టించాం. చంకలో ఒరుసుకుపోతోంది, వేళ్లు నీలమవుతున్నాయి. వెనక్కి తీసుకోమంటే, ‘కొలతలు తీసి కుట్టిన బట్ట, తిరిగి తీసుకోం, బిల్లు మీదే రాసి ఉంది’ అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: చట్టం సంగతి తర్వాత. వేళ్లు నీలమవుతున్నాయంటే ఆ సూట్ ఇక తొడగొద్దు. బాబును డాక్టరుకు చూపించండి. సాక్ష్యం కోసమని మళ్లీ తొడిగి ఫొటోలు తీయకండి. చర్మం మీద పడిన గుర్తుల ఫొటోలు, ‘ఇది సరిగా అమరలేదు’ అని డాక్టరో ఫిజియోథెరపిస్టో రాసిచ్చే చీటీ సరిపోతాయి.

ఇక షాపువాళ్ల మాట. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు మీద అచ్చేసుకున్నంత మాత్రాన చట్టం రద్దయిపోదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) చూడండి. లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, లేకపోతే 30 రోజుల్లోగా తీసుకోవాల్సిందే. అసలు బిల్లే ఇవ్వకపోవడమూ అదే సెక్షన్ కింద తప్పు. ఒంటి కొలతకు కుట్టామన్న మాట వాళ్లకు రక్షణ కాదు సరికదా, నా లెక్కలో ఎదురు తిరుగుతుంది. కొలతలు తీసింది వాళ్లే కాబట్టి సరుకులో లోపంతో పాటు సేవలో లోపాన్నీ మీరు ఎత్తిచూపవచ్చు. ఒక్క షరతు: ఆరు నెలలు బాగానే వాడాక బాబు ఎదిగి సూట్ బిగుతైతే దాన్ని లోపమనలేం. పిల్లలు ఎదుగుతారు, షాపుమీద పడి లాభం లేదు.

‘బట్ట’ అని వాళ్లు తేలిగ్గా అనేస్తున్నారు గానీ, గాయానికో వైకల్యానికో ఊరటగా, శరీర భాగానికి ఆసరాగా వాడమని తయారుచేసి అమ్మే వస్తువు వైద్య పరికరం కిందికి వస్తుంది. 2020 ఫిబ్రవరి 11న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌తో ఆ నిర్వచనం 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పెట్టె మీదో కరపత్రంలోనో ‘నరాల దెబ్బ తగిలిన పిల్లలకు’ అని రాసి అమ్మినవాళ్లు, వివాదం వచ్చేసరికి మామూలు బనియన్ అంటే చెల్లదు. ఆ కరపత్రం పారేయకండి. ‘పక్షవాతం నయమవుతుంది’ అని గనక అందులో ఉంటే అది 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టానికీ తగులుతుంది. ఆ చట్టం షెడ్యూలులో పక్షవాతం పేరు ఉంది. లైక్రా సూట్ భుజాన్ని సరైన తీరులో నిలబెట్టడానికి సాయపడవచ్చు గానీ దెబ్బతిన్న నరాన్ని బాగుచేయదు. వ్యాయామానికి అది తోడే తప్ప బదులు కాదు.

రేపు మరో సూట్ కొంటారు కదా, ఈసారి ముందే నాలుగు సంగతులు అడగండి. ఏ ప్రయోజనం కోసం, రోజుకు ఎన్ని గంటలు, ఎప్పుడు మళ్లీ చూపించాలి అన్నది డాక్టరు చీటీలో ఉండాలి. కొలతలు తీసి ఇలాంటి ఆసరా పరికరాలు అమర్చే నిపుణుడికి (ఆర్థోటిస్టుకు) రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని నిర్మొహమాటంగా అడగండి. 1992 నాటి ఆ కౌన్సిల్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. (వెయ్యి రూపాయలు! ఈ అంకెను ఎవరూ సవరించాలనుకోలేదు కాబోలు.) కొలతల కాగితం నకలు తీసుకోండి. తొడిగి చూపించాకే పూర్తి డబ్బు చెల్లించండి. స్ప్లింట్లు, ఆర్థోపెడిక్ పరికరాల మీద జీఎస్టీ 2022 జూలై 18న 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో 12 కనిపిస్తే ఏ లెక్కన వేశారో అడగండి. బెంగళూరులో జేపీ నగర్‌లోని మొబిలిటీ ఇండియా లాంటి సంస్థలు ఈ పరికరాలు తయారుచేయడమే కాదు, ఆ పని నేర్పిస్తాయి కూడా. ఎదురుగా కనిపించిన సర్జికల్ షాపుకే వెళ్లనక్కర్లేదు.

షాపు దారికి రాకపోతే ముందు స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం, తర్వాత 1915కి ఫోన్. ఆ జాతీయ హెల్ప్‌లైన్‌లో తెలుగులోనూ మాట్లాడవచ్చు. అప్పటికీ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ఇంకో వెసులుబాటు ఉంది: మీరు రేపు అనంతపురమో చిత్తూరో వెళ్లి స్థిరపడితే అక్కడి కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, బెంగళూరుకు బస్సెక్కనక్కర్లేదు. పిల్లవాడి బాధకు తల్లిదండ్రులు విడిగా పరిహారం అడగవచ్చా అన్న అనుమానాన్ని సుప్రీంకోర్టు 1998లో స్ప్రింగ్ మెడోస్ హాస్పిటల్ కేసులో తీర్చింది. బిడ్డా వినియోగదారే, సేవను కొన్న తల్లిదండ్రులూ వినియోగదారులే అంది. ఆ కేసులో బిడ్డకు 12.5 లక్షలు, తల్లిదండ్రుల మనోవేదనకు 5 లక్షలు దక్కాయి.

మీరు అడగలేదు గానీ, కాన్పు చేసిన ఆసుపత్రి మీద కేసు వేయవచ్చా అన్నది ఇలాంటి తల్లిదండ్రులందరి మనసులో ఉండే ప్రశ్నే. బిడ్డ భుజం ఇరుక్కుపోవడాన్ని చాలాసార్లు ముందుగా పసిగట్టలేరు. గాయమైంది కాబట్టి నిర్లక్ష్యమే అని కోర్టు అనుకోదు. పైగా నాలుగేళ్లు గడిచాయి. రెండేళ్ల గడువు దాటిన జాప్యానికి బలమైన కారణం చూపాలి. పసిబిడ్డల తల్లులకు మాత్రం ఒక మాట: అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని వైద్యుల వృత్తి నియమావళి చెబుతోంది. భద్రపరచాల్సిన గడువు మూడేళ్లే. అడగడం వాయిదా వేయకండి.

ఖర్చు విషయానికొస్తే, అన్నిటికీ తాళంచెవి వైకల్య ధ్రువపత్రం. దానికి యూడీఐడీ అనే ప్రభుత్వ పోర్టల్‌లో తల్లిదండ్రులే దరఖాస్తు చేయవచ్చు. వైకల్యం 40 శాతం, ఆపైన తేలితే పరికరాలకు సాయమిచ్చే కేంద్రం అడిప్ పథకం వర్తిస్తుంది. నెల ఆదాయం 22,500 దాటని కుటుంబాలకు పరికరాలు పూర్తి ఉచితం, 30,000 వరకు సగం ధరకు. పెద్దలకు మూడేళ్లకోసారి ఇచ్చే సాయాన్ని పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఏడాదికోసారి ఇస్తారు. పాత ఆదాయపు పన్ను విధానంలో ఉన్నవారికి వైకల్యమున్న బిడ్డ పోషణ కింద 75,000 మినహాయింపు కూడా ఉంది. మీ బాబులాగా చాలావరకు కోలుకున్న పిల్లలకు 40 శాతం రాకపోవచ్చు, ఆశలు పెంచుకోకండి. ఆరోగ్య బీమా మీదా అంతే: స్ప్లింట్లు, భుజం పట్టీలను చాలా పాలసీలు చెల్లించని జాబితాలో పెడతాయి.

వినియోగదారుల కేసుకు మాత్రం ఏ వైకల్య శాతమూ అక్కర్లేదు. వకీలు కావాలనుకుంటే 15100కి ఫోన్ చేయండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం పిల్లలకు, మహిళలకు ఉచిత న్యాయ సహాయం హక్కు. అందుకు మీ ఇంటి ఆదాయం ఎంతన్నది అడ్డు రాదు.