ఇంటి తగవు – సమాధాన మార్గము

చదువవలసిన భాగములు: ఆది. 13:5–12, మత్తయి 18:15–17, 1 కొరింథీ. 6:1–7, 7:10–11.



భార్యాభర్తల తగవు సంఘములోనికి వచ్చినప్పుడు మనమేమి చేయవలెను? కొరింథులోని విశ్వాసులు న్యాయసభలకెక్కుట చూచి పౌలు దుఃఖించెను. అట్టి తగవులను తీర్చగల వివేకి సంఘములోనే యుండవలెనని బోధించెను. దంపతులు మరల ఏకమగుటయే మన మొదటి ప్రార్థన. అది కానియెడల, వేరగుటలోనైనను పగ లేకుండవలెను. కాపరుల కలహము పెరిగినప్పుడు పెద్దవాడైన అబ్రాహాము కోరుకొను హక్కును లోతునకే విడిచెను. వారు వేరైరి గాని శత్రువులు కాలేదు. తరువాత లోతు చెరపట్టబడగా అబ్రాహామే వెళ్లి విడిపించెను (ఆది. 14).

ఇచ్చట మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. ఒకప్పుడు పుట్టింటికి వచ్చిన ఒక సహోదరితో, ఓర్చుకొనుమని చెప్పి, ప్రార్థించి, తిరిగి పంపితిమి. ఆమె చెప్పినది పూర్తిగా వినలేదు. నెల తిరుగకముందే ఆమె చేయి విరిగి వచ్చెను. దెబ్బలున్న ఇంట రాజీకంటె ముందు రక్షణ కావలెనని ఆనాడు నేర్చుకొంటిమి. అట్టివారికి 2005 గృహహింస చట్టము ఆశ్రయము. దానికి అడ్డుపడుట సమాధానము కాదు.

హింస లేని తగవులలో ఈ క్రమము మేలు:

1. ఇద్దరి మాటలు వేర్వేరుగా వినవలెను. పెద్దలలో ఒక స్త్రీ తప్పక ఉండవలెను.

2. నిందలు కాక అవసరములు అడుగవలెను: బిడ్డ ఎవరియొద్ద ఉండును? బడి ఖర్చు, మనోవర్తి ఎవరు ఇత్తురు? పెండ్లిలో పెట్టిన నగలు, సామాను ఎవరివి?

3. ఒప్పుకొన్నది వ్రాసి ఇద్దరికిని చదివి వినిపించవలెను. భయముతో చేసిన సంతకము సమ్మతి కాదు.

4. పెద్దలుగాని కాపరిగాని విడాకులు ఇయ్యలేరు. స్టాంపు కాగితముపై వ్రాసుకొన్న తెగతెంపులు వివాహమును రద్దుచేయవు. దానిని నమ్మి మరల పెండ్లాడుట నేరమగును. 1869 నాటి విడాకుల చట్టమునకు 2001లో చేసిన సవరణచే, క్రైస్తవ దంపతులు ఉభయ సమ్మతితో కోర్టులో కలిసి అర్జీ పెట్టుకొనవచ్చును. అప్పుడు ఒకరినొకరు నిందించుకొను పని లేదు.

5. మనోవర్తి, సామాను వంటి సంగతులు లోక్ అదాలత్‌లో రాజీపడవచ్చును. 1987 న్యాయసేవల చట్టము ప్రకారము ఆ తీర్పు కోర్టు డిక్రీతో సమానము. స్త్రీలకు ఆదాయము చూడకయే ఉచిత న్యాయసహాయము దొరకును.

మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు చూపిన వరుస చూడుడి: మొదట ఏకాంతముగా, పిదప ఒకరిద్దరి యెదుట, చివరకు సంఘము నెదుట. మనమైతే ముందుగా బావియొద్దనే చెప్పుచున్నాము!

ఆలోచించుడి: మన సంఘములో ఇద్దరి మాటయు ఓపికతో విని, గుట్టు కాపాడగలవారు ఎవరు? ఈ నెలలో వారికొరకు ప్రార్థింతము. తండ్రికిని తల్లికిని నడుమ నిలిచి ఏడ్చు బిడ్డలను మరువకుందము.