ఆరోగ్య పాఠం: చెట్లు తగ్గితే మన బావికి ఏమవుతుంది?

నడుము, కీళ్లు పట్టేసి ఆస్పత్రికి వచ్చినవారిని "మీరు ఏ నీళ్లు తాగుతున్నారు?" అని అడుగుతాము. నొప్పికీ నీళ్లకూ ఏమి సంబంధమని కొందరు ఆశ్చర్యపోతారు. సంబంధం ఉన్నది. ఆ నీళ్లకు చెట్లతో కూడా సంబంధం ఉన్నది. ఈ పాఠంలో దానిని తెలుసుకుందాము.

అడవి చేసే పని

అడవిలో వాన నేరుగా నేలను కొట్టదు. ముందు ఆకుల మీద, తర్వాత రాలిన ఆకుల పొర మీద పడి, వేళ్లు గుల్లచేసిన నేలలోకి మెల్లగా ఇంకుతుంది. కాకతీయులు 13వ శతాబ్దంలో పాకాల, రామప్ప, లక్నవరం చెరువులను అడవి గుట్టల నుండి దిగే వాగులను నమ్ముకునే కట్టించారు.

అడవి ఎందుకు తగ్గుతున్నది?

1. సాగు: భూమి లేని కుటుంబాలు బతుకుదెరువు కోసం పోడు కొట్టాయి. 2005 డిసెంబరు 13కు ముందు నుండి సాగులో ఉన్న గిరిజనులకు 2006 నాటి అటవీ హక్కుల చట్టం హక్కు ఇచ్చింది. 2023లో మన రాష్ట్రంలో 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చారు. అది వారి హక్కు. కొత్తగా నరకడం వేరే సంగతి.

2. గనులు: భూపాలపల్లిలో ఓపెన్‌కాస్ట్ పద్ధతిలో బొగ్గు తీయాలంటే పైనున్న చెట్లు, మట్టి మొత్తం తొలగించాలి. బొగ్గుతో తయారైన కరెంటును మనమందరం వాడుతున్నాము.

3. కలప, వంటచెరకు: టేకు దొంగతనంగా పోతుంది. కట్టెలు రోజూ కొంచెం కొంచెంగా పోతాయి.

4. నిప్పు: తునికాకు చిగురు కోసం పెట్టిన మంట, ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క లేత మొక్కలన్నిటినీ కాల్చివేస్తాయి.

దాని ఫలితాలు

వరద, పూడిక: 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులోనే 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తింది. అంత వానను ఏ అడవీ పూర్తిగా ఆపలేదు. కానీ చెట్లు లేని గుట్ట మీద ప్రతి వానకూ మట్టి కొట్టుకువచ్చి చెరువులో పూడిక పడుతుంది. పూడిన చెరువులో నీళ్లు తక్కువ నిలుస్తాయి.

ఫ్లోరైడు: మన రఘునాథపల్లి వైపు పెద్ద అడవులు లేవు. గుట్టల మీద, చెరువు కట్టల మీద ఉన్న చెట్లే మనకు అడవి. భూగర్భజలం తగ్గడానికి ముఖ్య కారణం బోర్లతో ఎక్కువగా తోడటమే. గుట్టలు బోడిగా మారి వాన ఇంకకపోవడం దానికి తోడైంది. బావి ఎండితే లోతు బోరు వేస్తాము. రాతి పొరల్లోని నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉండవచ్చు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల పళ్లకు గోధుమరంగు మచ్చలు వస్తాయి. ఇంకా ఎక్కువగా ఉన్న నీటిని ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. అలా బిగుసుకున్న తర్వాత పూర్తిగా నయం చేసే మందు లేదు.

కోతులు: అడవిలో పండ్ల చెట్లు తగ్గి, ఊరిలో తిండి సులభంగా దొరికితే అవి ఇళ్ల మీదికి వస్తాయి. కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధార నీటి కింద 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి రండి. పసుపు, సున్నం పెట్టవద్దు.

మనమేమి చేయగలము?

• బోరు నీటిని పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడు పోదు. తాగడానికి, వంటకు శుద్ధి చేసిన నల్లా నీటినే వాడండి.
• వీలైనంత వరకు గ్యాసు మీద వండండి. చెట్టు మిగులుతుంది, తల్లుల ఊపిరితిత్తులకు పొగ తప్పుతుంది.
• తొలకరికి వేప, చింత, కానుగ, నేరేడు నాటండి. నాటడం ఒక్కరోజు పని, రెండు ఎండాకాలాలు నీళ్లు పోసి కాపాడటమే అసలు పని.
• ఇంటి చూరు నీటికి ఇంకుడు గుంత తవ్వండి.

ఇంట్లో మాట్లాడుకోండి

మన తాతల నాడు మన ఊరి బావిలో నీళ్లు ఎన్ని గజాల లోతులో ఉండేవి? ఇప్పుడు బోరు ఎన్ని అడుగులు? మన గుట్ట మీద అప్పుడు ఏ చెట్లు ఉండేవి? పెద్దలను అడిగి పిల్లలచేత రాయించండి.