ఆరోగ్య పాఠము: సైకిలు తొక్కేవారి తలకు పిట్టగోడ



బడులు తెరిచే రోజుల్లో చాలా ఇళ్లలోకి సైకిలు వస్తుంది. పిల్లవాడు హైస్కూలుకు వెళ్తున్నాడని తండ్రి అప్పు చేసైనా కొనిపెడతాడు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల్లో తొమ్మిదవ తరగతి ఆడపిల్లలకు ‘బడికొస్తా’ పథకం క్రింద సైకిళ్లు ఇచ్చిన సంగతి మీలో చాలామందికి తెలుసు. సైకిలు మంచి వాహనము. పెట్రోలు అడగదు, గుండెకు బలమిస్తుంది, దూరపు బడికి వెళ్లవలసిన పిల్ల చదువు మానకుండా కాపాడుతుంది.

కొత్త సైకిలుకు తాళం కొంటాము, బెల్లు పెట్టిస్తాము, ముందు బుట్ట బిగిస్తాము. తొక్కే బిడ్డ తలకు మాత్రం ఏమీ కొనము. ఎందుకని? డబ్బు లేకనా? తెలియకనా? లేక చుట్టుప్రక్కల ఎవరూ పెట్టుకోరు గనుకనా? కొన్ని ప్రాంతాలలో సైకిలు తొక్కేవారు హెల్మెట్ పెట్టుకోవడం మామూలు సంగతి, కొన్ని ప్రాంతాలలో అది వింత. ఈ తేడా ఎలా వచ్చిందో ఈ పాఠములో చూద్దాము. దానిలో మన ఇంటికి, మన సంఘానికి ఒక పని కనబడుతుంది.

పడినప్పుడు తలకు ఏమవుతుంది?

“మావాడు వేగంగా తొక్కడు, ఇక్కడికి దగ్గరికే” అని తల్లిదండ్రులు అంటారు. కాని తలకు దెబ్బ తగలడానికి సైకిలు వేగము అక్కరలేదు. ఐదు అడుగుల ఎత్తు నుండి తల నేలకు తగిలేటప్పటికి దాని వేగము గంటకు సుమారు 20 కిలోమీటర్లు ఉంటుంది. నిలిచి ఉన్న సైకిలు మీద నుండి పడినా ఇంతే. తారు రోడ్డు ఏమాత్రమూ లొంగదు గనుక ఆ వేగమంతా ఒక్క క్షణములో ఆగిపోతుంది. పుర్రె ఆగినా లోపలి మెదడు కదిలి ఎముకకు కొట్టుకుంటుంది.

సైకిలు హెల్మెట్ లోపల థర్మోకోల్ వంటి గట్టి నురుగు పొర ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు అది నలిగిపోతుంది. అది నలిగే కాస్త వ్యవధిలో తల నెమ్మదిగా ఆగుతుంది. అంటే తల పడవలసిన దెబ్బను నురుగు పడుతుంది. అందుకే ఒకసారి గట్టిగా దెబ్బతిన్న హెల్మెట్‌ను, పైకి బాగున్నట్లు కనిపించినా, మళ్లీ వాడకూడదు.

ఇది ఎంతవరకు కాపాడుతుంది? 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు పలు దేశాలలో జరిగిన 40 అధ్యయనాలను కలిపి చూశారు. అందులో 64,000 మందికి పైగా గాయపడిన సైకిలిస్టుల వివరాలున్నాయి. హెల్మెట్ పెట్టుకున్నవారిలో తలకు గాయమయ్యే అవకాశము దాదాపు సగము తగ్గింది, తలకు తీవ్రమైన గాయమయ్యే అవకాశము 69 శాతము తగ్గింది. హెల్మెట్ ప్రమాదాన్ని ఆపదు. ప్రమాదము జరిగాక తల దక్కే అవకాశాన్ని పెంచుతుంది.

ఒకే చట్టము, వేరు వేరు అలవాట్లు

జపాను దేశములో 2023 ఏప్రిల్ 1 నుండి సైకిలు తొక్కే ప్రతివారూ, పెద్దలైనా పిల్లలైనా, హెల్మెట్ పెట్టుకోవడానికి ప్రయత్నించాలని చట్టము వచ్చింది. పెట్టుకోకపోతే జరిమానా లేదు. అదే సంవత్సరము జూలైలో అక్కడి పోలీసు శాఖ రోడ్ల ప్రక్కన నిలబడి లెక్కపెట్టించింది. దేశము మొత్తము మీద హెల్మెట్ పెట్టుకున్నవారు 13.5 శాతము. నీగాతా అనే ప్రాంతములో 2.4 శాతము మాత్రమే. ఎహిమే అనే ప్రాంతములో 59.9 శాతము! 2024 జూలైలో మరల లెక్కపెడితే దేశపు సగటు 17 శాతము, ఎహిమేలో 69.3, ఒసాకా మహానగర ప్రాంతములో 5.5.

దేశము ఒకటే, చట్టము ఒకటే. మరి ఇంత తేడా ఎందుకు? ఎహిమేవారి తలలు మెత్తనివి, ఒసాకావారి తలలు గట్టివి కావు కదా. ఎహిమేలో ఈ పని చట్టానికి ఎన్నో ఏళ్ల ముందే మొదలయింది. 2014లో అక్కడ హైస్కూలు విద్యార్థులు సైకిలు ప్రమాదాలలో చనిపోయారు. 2015 జూలై నుండి ప్రభుత్వ హైస్కూళ్లకు సైకిలు మీద వచ్చే పిల్లలందరూ హెల్మెట్ పెట్టుకోవాలని నియమము పెట్టారు. నియమము పెట్టి ఊరకుండక, ప్రభుత్వమే పిల్లలకు ఉచితంగా హెల్మెట్లు ఇచ్చింది. తరగతిలో అందరి చేతిలోనూ హెల్మెట్ ఉన్నప్పుడు ఎవరు ఎవరిని చూచి నవ్వుతారు?

అమెరికాలోని సియాటిల్ పట్టణములో కూడ ఇటువంటిదే జరిగింది. అక్కడ వైద్యులు, పాఠశాలలు, తల్లిదండ్రుల సంఘాలు కలిసి 1986 నుండి ప్రచారము చేసి, తక్కువ ధరకు దొరికేలా కూపన్లు పంచాయి. 1987లో బడి పిల్లలలో హెల్మెట్ పెట్టుకున్నవారు 5.5 శాతము. 1988కి అది 15.7 అయింది. ప్రచారము లేని పోర్ట్‌లాండ్ పట్టణములో అదే కాలములో 1 శాతము నుండి 2.9కి మాత్రమే పెరిగింది.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము మరొక దారి పట్టింది. 1990 జూలై 1న హెల్మెట్ తప్పనిసరి చేసింది, పెట్టుకోనివారికి జరిమానా విధించింది. 1990 మార్చిలో 31 శాతముగా ఉన్న వాడకము ఏడాది తిరిగేసరికి 75 శాతమయింది. అయితే సైకిలు తొక్కే యౌవనస్థుల సంఖ్య తగ్గినట్టు కూడ ఆ రోజుల లెక్కలు చూపాయి. జరిమానా భయము కొందరి చేత హెల్మెట్ పెట్టించింది, కొందరి చేత సైకిలే మాన్పించింది. అందుకే ఒప్పించి, అందించి చేసే పని ఎక్కువ మేలు.

హెల్మెట్ లేకుండా తొక్కే దేశము

“నెదర్లాండ్స్‌లో అందరూ సైకిలు తొక్కుతారు, ఎవరూ హెల్మెట్ పెట్టుకోరు, వాళ్లకేమీ కాలేదే!” అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్న. ఆ దేశములో మనుషుల కంటే సైకిళ్లు ఎక్కువ. రోజువారీ పనులకు తొక్కేవారిలో హెల్మెట్ చాలా అరుదు. కాని వారికి ఆ ధైర్యము ఊరకే రాలేదు. 1971లో ఆ చిన్న దేశపు రోడ్ల మీద 3,000 మందికి పైగా చనిపోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధులలోకి వచ్చి ‘పిల్లల హత్య ఆపండి’ అని ఉద్యమము చేశారు. ఆ తరువాత అనేక సంవత్సరాలు కష్టపడి సైకిళ్లకు వేరే దారులు వేశారు, నివాస వీధులలో మోటారు బండ్ల వేగము తగ్గించారు. అంటే తలకు కట్టవలసిన రక్షణను వారు రోడ్డుకు కట్టారు.

అంత చేసినా 2022లో అక్కడ 291 మంది సైకిలిస్టులు మరణించారు. వారిలో వృద్ధులు ఎక్కువ. ఇప్పుడు అక్కడి వైద్యులు కూడ, ముఖ్యముగా పెద్ద వయసువారిని, హెల్మెట్ పెట్టుకోమని చెబుతున్నారు.

మన ప్రాంతము సంగతి

మనకు నెదర్లాండ్స్ రోడ్లు లేవు. మన పిల్లలు లారీలు, ఆటోలు, ట్రాక్టర్లతో కలిసి ఒకే రోడ్డు మీద తొక్కుతారు. 2022లో మన దేశములో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. మోటారు వాహనాల చట్టము 129వ సెక్షను మోటారు సైకిలు మీద వెళ్లేవారికి హెల్మెట్ తప్పనిసరి చేసింది. సైకిలు మోటారు వాహనము కాదు గనుక దానికి ఆ నియమము లేదు. పోలీసు ఆపడు, గనుక మనమూ కొనము.

ఒక వింత చూడండి. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు ప్రక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు. దానికి సోలార్ పైకప్పు ఉంది, లారీలు రావు. అక్కడ వ్యాయామానికి తొక్కేవారి తల మీద హెల్మెట్ కనబడుతుంది. తెల్లవారకముందే హైవే అంచున పాల క్యాన్లతో వెళ్లే మనిషి తల మీద తువ్వాలు మాత్రమే ఉంటుంది. ఎవరికి అపాయము ఎక్కువో వారికే రక్షణ తక్కువ.

పిట్టగోడ ఎవరు కట్టాలి?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, కొత్త ఇల్లు కట్టుకునేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలన్న ఆజ్ఞ ఉంది. గమనించండి: మిద్దె ఎక్కేవారు జాగ్రత్తగా నడవాలని అక్కడ లేదు. ఇల్లు కట్టేవానికే ఆ బాధ్యత అప్పగించబడింది. ఎవరైనా పడితే ఆ దోషము ఆ ఇంటి మీదికి వస్తుంది.

పైన చూచిన ప్రాంతాల పాఠము కూడ ఇదే. ఎహిమేలో పిల్లలు ఒక్కొక్కరుగా జ్ఞానము తెచ్చుకొని హెల్మెట్ కొనుక్కోలేదు. పెద్దలు పిట్టగోడ కట్టారు. సైకిలు కొనే తండ్రి, సైకిలు మీద పిల్లలను రప్పించుకునే బడి, ఆదివార పాఠశాల నడిపే సంఘము, ఇవన్నీ ఇల్లు కట్టేవారి వంటివే. సామాన్యమైన సైకిలు హెల్మెట్ వెయ్యి రూపాయల లోపు దొరుకుతుంది. సైకిలు వెలలో దానిని కూడ కలిపి లెక్క వేసుకోండి.

సరిగా పెట్టుకోవడము

1. హెల్మెట్ నుదుటి మీద, కనుబొమలకు రెండు వ్రేళ్ల పైన ఉండాలి. వెనుకకు జారిపోయి ఉంటే నుదురు బయటపడుతుంది.
2. పట్టీలు చెవుల క్రింద కలవాలి. గడ్డము క్రింద పట్టీకి, చర్మానికి మధ్య ఒకటి రెండు వ్రేళ్లు మాత్రమే పట్టాలి. పట్టీ పెట్టని హెల్మెట్ పడేటప్పుడు ఎగిరిపోతుంది.
3. పెరుగుతాడు గదా అని పెద్ద సైజు కొనవద్దు. వదులు హెల్మెట్ కాపాడదు.
4. ఆడపిల్లలు జడ క్రిందికి వేసుకుంటే సరిగా కూర్చుంటుంది. పైకి కొప్పు పెడితే కూర్చోదు.
5. ‘ఈఎన్ 1078’ వంటి ప్రమాణము ముద్ర ఉన్నది చూచి కొనండి. సైకిలు హెల్మెట్‌ను మోటారు సైకిలు మీద వాడవద్దు.
6. ఊయల, జారుడుబల్ల ఎక్కే ముందు పిల్లలు హెల్మెట్ తీసివేయాలి. పట్టీ చిక్కుకుంటే మెడకు ఉరి పడవచ్చు.

పడిన తరువాత

తలకు దెబ్బ తగిలిన పిల్లవాడు లేచి మాట్లాడాడని ధైర్యపడి ఊరుకోవద్దు. పుర్రె లోపల రక్తము కారుతుంటే మొదట బాగున్నట్టే ఉండి, కొన్ని గంటల తరువాత మగత కమ్మవచ్చు. స్పృహ తప్పడము, మాటిమాటికి వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, మూర్ఛ, చెవి నుండి గాని ముక్కు నుండి గాని రక్తము లేక నీరు కారడము, కంటిపాపలు రెండూ సమానముగా లేకపోవడము – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే 108కి ఫోను చేయండి. మెడ కదలనివ్వవద్దు. త్రాగడానికి, తినడానికి ఏమీ ఇవ్వవద్దు.

ఆలోచించి చేయవలసినవి

1. వచ్చే ఆదివారము ఆరాధనకు సైకిళ్ల మీద ఎందరు వచ్చారు, వారిలో ఎందరికి హెల్మెట్ ఉంది? గేటు దగ్గర యౌవనస్థులు లెక్కపెట్టి వ్రాయండి. ఆరు నెలల తరువాత మరల లెక్కపెట్టండి.
2. మీ ఇంట్లో సైకిలు తొక్కేవారెవరు? వృద్ధుడైన తాతను కూడ లెక్కలో మరువవద్దు.
3. పరీక్షలలో నెగ్గిన పిల్లలకు సంఘము ఇచ్చే బహుమతులలో ఈసారి హెల్మెట్ ఎందుకు ఉండకూడదు?

మీ బిడ్డ రేపు ఉదయము సైకిలు ఎక్కుతుంది. ఆమె తలకు పిట్టగోడ ఈ రోజే కట్టండి. దేవుడు మీ పిల్లలను క్షేమముగా ఇంటికి చేర్చును గాక.