అనుభవం వెనుక అక్షరం

ఉద్దేశం: ఆధ్యాత్మిక జాగృతి కలిగిన తరువాత మనిషికి పుస్తకాలతో ఎలాంటి సంబంధం ఉండాలో, చదవవలసిన వాటిని ఎలా ఎంచుకోవాలో శ్రీ రమణ మహర్షి జీవితం ఆధారంగా విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పుస్తకం చదివి మనసు మారినవారి కథలు మనం తరచుగా వింటాం. మనసు మారిన తరువాత ఏ పుస్తకం చదవాలన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. నిజానికి ఈ రెండవ ప్రశ్నే కష్టమైనది. ఆత్మీయుల మరణం వల్లనో, తీవ్రమైన భయం వల్లనో, ఏ కారణమూ లేకుండానో ఒక్కొక్కప్పుడు మనిషిలో "నేనెవరిని?" అన్న ప్రశ్న బలంగా మేల్కొంటుంది. అలా మేల్కొన్నవారిలో కొందరు దొరికిన గ్రంథాన్నల్లా ఆత్రంగా చదివి, ఇతరుల మాటలనే తమ అనుభవమని భ్రమపడతారు. మరికొందరు తమకు అంతా తెలిసిపోయిందని తలచి గ్రంథాలను తృణీకరిస్తారు. మొదటివారికి పాండిత్యం బరువవుతుంది. రెండవవారిని అహంకారం ఆవరిస్తుంది. ఈ రెండింటికీ నడుమ సాగిన మార్గమొకటి రమణ మహర్షి జీవితంలో కనిపిస్తుంది.

రమణుల చిన్ననాటి పేరు వేంకటరామన్. ఆయన 1879 డిసెంబరు 30న తమిళనాడులోని తిరుచ్చుళిలో జన్మించారు. తండ్రి మరణానంతరం మధురైలో పినతండ్రి ఇంట ఉండి, క్రైస్తవ మిషన్ వారి ఉన్నత పాఠశాలలో చదివారు. చదువు మీద ఆయనకు ప్రత్యేకమైన ఆసక్తి ఉండేది కాదు. ఆ దినాలలో ఇంట్లో కనిపించిన "పెరియపురాణం" ఆయన చేతికి వచ్చింది. అది పన్నెండవ శతాబ్దంలో శేక్కిళార్ రచించిన తమిళ గ్రంథం. అరవైముగ్గురు శివభక్తుల చరిత్రలు అందులో ఉన్నాయి. వారిలో కన్నప్ప వంటి కొందరి కథలను పాల్కురికి సోమనాథుడు "బసవపురాణం"లో తెలుగువారికి చెప్పాడు. ఆ భక్తుల విశ్వాసం బాలుడైన వేంకటరామన్‌ను ఆశ్చర్యంలో ముంచింది.

1896 జూలైలో, పదహారేళ్ల వయసులో, ఆయన జీవితం మలుపు తిరిగింది. మేడమీద గదిలో ఒంటరిగా ఉన్న సమయంలో, శరీరంలో ఏ రోగమూ లేకపోయినా, తాను మరణిస్తున్నానన్న భయం ఆయనను ఆవరించింది. ఆయన ఎవరినీ పిలవలేదు. శవంవలె కాళ్లు చేతులు చాచి పడుకొని, మరణించేది ఎవరని తనలో తానే పరిశీలించారు. శరీరం పోయినా తాను పోనన్న ఎరుక ఆయనలో స్థిరపడింది. ఆ తరువాత ఆటపాటల మీద, చదువు మీద ధ్యాస తగ్గింది. ప్రతిదినం మీనాక్షీ ఆలయానికి వెళ్లి, తాను చదివిన ఆ భక్తుల విగ్రహాల ముందు నిలబడేవారు. కొద్ది వారాలకే ఇల్లు విడిచి, 1896 సెప్టెంబరు 1న తిరువణ్ణామలై చేరుకున్నారు.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ అనుభవం కలిగేనాటికి ఆయనకు వేదాంత గ్రంథాలతో పరిచయం లేదు. బ్రహ్మము, సంసారము మొదలైన పదాలనైనా ఆయన వినలేదు. తనకు కలిగినదానికి పేరేమిటో తెలియకుండానే అందులో నిలిచిపోయారు. మరి గ్రంథాలు ఆయన వద్దకు ఎలా వచ్చాయి?

తిరువణ్ణామలైలో పళనిస్వామి అనే సాధకుడు ఆయనకు సేవ చేస్తుండేవాడు. అతని మాతృభాష మలయాళం. అతడు తమిళ వేదాంత గ్రంథాలను తెచ్చుకొని, భాష లొంగక, అక్షరమక్షరం కూడబలుక్కుంటూ శ్రమపడేవాడు. ఆ శ్రమను చూసిన రమణులు గ్రంథాన్ని తీసుకొని, తాము చదివి, సారాంశాన్ని అతనికి వివరించేవారు. అంటే ఆయన గ్రంథపఠనం తన జ్ఞానతృష్ణతో గాక, పక్కనున్నవాని కష్టాన్ని తీర్చడంతో ఆరంభమైంది. ఋభుగీత వంటి గ్రంథాలను విన్నప్పుడు, తాను సహజంగా అనుభవించినదానినే అవి విశ్లేషించి, దానికి పేర్లు పెడుతున్నాయని గ్రహించినట్లు ఆయన తరువాతి కాలంలో చెప్పారు. గ్రంథం ఆయనకు కొత్త అనుభవాన్ని ఇవ్వలేదు. ఉన్న అనుభవాన్ని ఇతరులకు చెప్పగల భాషను ఇచ్చింది. ఆ భాషతోనే ఆయన సంస్కృత "వివేకచూడామణి"ని తమిళ వచనంలోకి తెచ్చారు. క్రమంగా మలయాళం, తెలుగు, సంస్కృతం నేర్చుకొని, "ఉపదేశసారం"ను తమిళంతో పాటు ఆ మూడు భాషలలోనూ రచించారు. బడిలో పాఠాల మీద మనసు నిలపని బాలుడు, ఇతరుల కోసం ఇన్ని భాషలు నేర్చుకున్నాడు.

దీనికి పూర్తిగా భిన్నమైన మార్గంలో వచ్చినవారు కావ్యకంఠ గణపతి ముని. ఆయన బొబ్బిలికి సమీపంలోని కలువరాయి గ్రామంలో 1878లో జన్మించిన తెలుగువారు. నవద్వీపంలో పండితుల సమక్షంలో ఆశుకవిత్వం చెప్పి "కావ్యకంఠ" బిరుదును పొందారు. శాస్త్రాలు చదివారు. ఏళ్ల తరబడి మంత్రజపం చేశారు. అయినా తపస్సు అంటే ఏమిటో తనకు అంతుపట్టలేదన్న వేదన ఆయనను వదలలేదు. 1907 నవంబరు 18న కొండ ఎక్కి, విరూపాక్ష గుహలో ఉన్న రమణుల పాదాలను ఆశ్రయించి, తన అజ్ఞానాన్ని దాచుకోకుండా విన్నవించారు. "నేను" అన్న తలపు ఎక్కడ పుడుతున్నదో గమనించమని, మంత్రం జపించేటప్పుడు ఆ శబ్దం పుట్టే చోటును గమనించమని రమణులు బోధించారు. అంతవరకు బ్రాహ్మణస్వామిగా పిలవబడిన ఆ యువకునికి "భగవాన్ శ్రీ రమణ మహర్షి" అని పేరుపెట్టినవారు గణపతి మునే.

ఒకరికి అనుభవం ముందు, గ్రంథం వెనుక. మరొకరికి గ్రంథం ముందు, అనుభవం వెనుక. ఒకరు లేకపోతే రెండవవారి కథ పూర్తి కాదు. ఆ పండితుని సంస్కృతమే "రమణగీత"గా రూపుదాల్చి, మౌనంగా ఉన్న ఋషి బోధను లోకానికి అందించింది. శాస్త్రపఠనం మాత్రమే చాలునా అన్న ప్రశ్న ఆ గ్రంథం మొదటి అధ్యాయంలోనే కనిపిస్తుంది. ఉపాసన లేనిదే చాలదన్నది అక్కడి సమాధానం.

మరి మేల్కొన్న మనసు పుస్తకాలను ఎలా ఎంచుకోవాలి? పై చరిత్రల నుండి కొన్ని సూత్రాలను గ్రహించవచ్చు. మొదటిది, సిద్ధాంతాలకంటె ముందు జీవితచరిత్రలను చదవాలి. వేంకటరామన్‌ను మొదట కదిలించినవి తర్కగ్రంథాలు కావు, భక్తుల కథలు. మనకు కలిగినది ఇతరులకూ కలిగిందని, వారు దానిని ఎలా భరించారో, ఎలా నిలుపుకొన్నారో చరిత్రలు చెబుతాయి. అందువల్ల ఒంటరితనం, గర్వం రెండూ తగ్గుతాయి.

రెండవది, తనకు తెలిసిన భాషలో ఉన్న పుస్తకాన్ని ఎంచుకోవాలి. గంభీరమైన పదాలు ఎక్కువగా ఉన్నంతమాత్రాన గ్రంథం గొప్పది కాదు. గుంటూరు సీమకు చెందిన సూరి నాగమ్మ గారు బడికి వెళ్లి చదువుకోలేదు. బాల్యంలోనే వైధవ్యం పొందిన ఆమె ఇంటివద్దనే చదవడం, రాయడం నేర్చుకున్నారు. 1941లో రమణాశ్రమానికి వచ్చి, 1945 నుండి అక్కడి విశేషాలను తేట తెలుగులో తన అన్నగారికి లేఖలుగా రాశారు. ఆ లేఖలు నేటికీ పాఠకులకు ఆశ్రమద్వారాన్ని తెరుస్తున్నాయి.

మూడవది, కొద్ది పుస్తకాలను పలుమారులు చదవాలి. మనసును నిలపమనడమే గ్రంథాలన్నింటి సారమని తెలిసిన తరువాత, అంతులేకుండా చదువుతూ పోవడం వల్ల ప్రయోజనం లేదని "నేనెవడను" అనే చిన్న గ్రంథంలో రమణులు హెచ్చరించారు. శివప్రకాశం పిళ్లై అడిగిన ప్రశ్నలకు ఆయన రాసి చూపిన సమాధానాలే ఆ గ్రంథానికి మూలం.

నాలుగవది, చదివినది మరొకరికి ఉపయోగపడుతున్నదా అని చూసుకోవాలి. ఒక పుస్తకం చదివిన తరువాత ఇంట్లోవారి మీద విసుగు, తోటివారి మీద చులకన పెరిగితే, లోపం పుస్తకంలోనైనా, మన చదువులోనైనా ఉన్నట్లే. సహనం పెరిగితే ఆ పుస్తకం మనకు తగినదే.

రమణుల జీవితాన్ని చదివి, పాఠశాలను విడిచిపెట్టడమే ఆధ్యాత్మికత అని విద్యార్థులు భావించరాదు. ఆయన ఇల్లు విడిచిన సంగతి ఒక్కరోజు కథ. పళనిస్వామి పక్కన కూర్చుని గ్రంథాలు వివరించినది ఏళ్ల తరబడి సాగిన కథ. ఆశ్రమంలో చినిగిన పుస్తకాలను ఆయన స్వయంగా కుట్టి, అట్టలు వేసి భద్రపరిచేవారు. పుస్తకం అవసరం తనకు తీరిపోయినా, తరువాత వచ్చేవారికి అది అవసరమని ఆయనకు తెలుసు.

పదాలు – అర్థాలు

జాగృతి = మెలకువ
తృణీకరించు = గడ్డిపోచవలె తక్కువగా చూచు
ఎరుక = జ్ఞానం, తెలివిడి
తృష్ణ = దప్పిక, తీవ్రమైన కోరిక
ఆశుకవిత్వం = అప్పటికప్పుడు చెప్పే కవిత్వం
ఉపాసన = ఏకాగ్రతతో చేసే సాధన

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధానం రాయండి.
1. రమణ మహర్షి, గణపతి ముని మార్గాలలోని భేదాన్ని వివరించి, వారు పరస్పరం ఎలా ఉపకరించారో తెలపండి.
2. ఆధ్యాత్మిక గ్రంథాలను ఎంచుకోవడంలో పాటించవలసిన సూత్రాలను వివరించండి.

ఆ) సంగ్రహ సమాధానం రాయండి.
1. రమణుల గ్రంథపఠనం ఎలా ఆరంభమైంది?
2. సూరి నాగమ్మ గారి లేఖల విశిష్టత ఏమిటి?

ఇ) ఏకవాక్య సమాధానం రాయండి.
1. పెరియపురాణాన్ని రచించినది ఎవరు?
2. వేంకటరామన్ తిరువణ్ణామలై చేరిన తేదీ ఏది?