గుట్టల బాటలో పరుగు – బూట్ల ఎంపిక

పోలీసు కానిస్టేబుల్ ఎంపికలో 1600 మీటర్ల పరుగు ఉంటుంది. దానికి సాధన చేసే మన పామిడి యువతీయువకులకు పెన్నా ఇసుక, గుట్టల మీది రాళ్లు రెండూ ఎదురవుతాయి. బూట్లు కొనేవారికి మేము చెప్పేది ఒక్కటే: ధర కన్నా కొలత ముఖ్యం.

సాయంకాలం కొనండి. పగలంతా తిరిగిన పాదం అప్పటికి కాస్త ఉబ్బి ఉంటుంది. మేజోళ్లు తొడుక్కుని, నిలబడి చూసుకోండి. పొడవైన కాలివేలికి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. అది లేకపోతే గుట్ట దిగేటప్పుడు వేళ్లు బూటుకు కొట్టుకొని గోళ్లు నల్లబడతాయి. మడమ మాత్రం జారకూడదు. అడుగున లోతైన గాడులుంటే రాళ్లపై పట్టు దొరుకుతుంది.

షుగరు ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గవచ్చు. వారు బూట్ల లోపల చేత్తో తడిమి చూసి తొడుక్కోవాలి. చిన్న పుండైనా ఆలస్యం చేయక ఆసుపత్రిలో చూపించాలి.