ఖరీదైన మందు చవక అయ్యేదెప్పుడు?



సుగరుకో, బీపీకో, కిడ్నీ జబ్బుకో నెలనెలా మందులు కొనే ఇల్లు లేని విచారణ మన జిల్లాల్లో లేదు. ఉద్దానం కుటుంబాలకు ఈ భారం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. డబ్బు చాలక రోజు విడిచి రోజు మాత్ర మింగేవారూ ఉన్నారు. కొన్ని మందులకు అంత ధర ఎందుకు? అది ఎప్పుడు తగ్గుతుంది? ఈ వారం తెలుసుకుందాం.

పేటెంటు అంటే ఏమిటి?

కొత్త మందు కనుగొన్న కంపెనీకి, దానిని తయారుచేసి అమ్మే హక్కును కొంతకాలం ప్రభుత్వం కట్టబెడుతుంది. అదే పేటెంటు. మన దేశంలో దాని గడువు దరఖాస్తు పెట్టిన తేదీ నుండి 20 సంవత్సరాలు. పరీక్షలన్నీ ముగిసి మందు అంగడికి వచ్చేసరికే అందులో కొన్నేళ్లు గడిచిపోతాయి. గడువు తీరాక, ప్రభుత్వ అనుమతి పొందిన ఏ కంపెనీ అయినా అదే మందు చేయవచ్చు. అదే జనరిక్ మందు.

సుగరుకు వాడే ఎంపాగ్లిఫ్లోజిన్ సంగతి చూడండి. పేటెంటు ఉన్నంతకాలం మాత్ర ధర సుమారు 60 రూపాయలు. 2025 మార్చిలో గడువు తీరింది. వెంటనే అనేక కంపెనీలు దానిని తెచ్చాయి. 10 రూపాయల లోపు కూడా దొరికింది.

మన చట్టం కథ

1970 నాటి పేటెంటు చట్టం మందుకు కాక, దానిని తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చింది. వేరే పద్ధతిలో అదే మందు చేసే వీలు కలగడంతో హైదరాబాదులో ఔషధ కంపెనీలు ఎదిగాయి. మన పైడిభీమవరంలోనూ మందుల కర్మాగారాలు వెలిశాయి. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మేరకు 2005 జనవరి 1 నుండి మందుకే పేటెంటు ఇస్తున్నారు.

అయినా చట్టం రోగిని మరచిపోలేదు. కిడ్నీ, కాలేయ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్‌ను బేయర్ కంపెనీ నెలకు సుమారు 2,80,000 రూపాయలకు అమ్మేది. సామాన్యులకు అందడం లేదని, 2012 మార్చిలో ప్రభుత్వ పేటెంటు అధికారి హైదరాబాదు నాట్కో కంపెనీకి తయారీ అనుమతి ఇచ్చారు. గడువు తీరకముందే ధర నెలకు 8,880 రూపాయలకు దిగింది. పాత మందుకు స్వల్ప మార్పు చేసి మళ్లీ పేటెంటు కోరితే చెల్లదని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు రక్తక్యాన్సరు మందు గ్లివెక్ విషయంలో తీర్పు చెప్పింది.

మనం చేయవలసినది

1. అట్టపై కంపెనీ పెట్టిన పేరు ఒకటి ఉంటుంది. దాని దగ్గరే ఉండే అసలు మందు పేరు, మోతాదు రాసిపెట్టుకోండి.

2. "డాక్టరుగారూ, దీనికి జనరిక్ ఉందా?" అని అడగండి. అడగడం అవమానం కాదు.

3. పేటెంటు తీరినా ఒకే మందు పలు పేర్లతో పలు ధరలకు అమ్ముడవుతుంది. జన ఔషధి కేంద్రంలో ధర విచారించండి.

4. డాక్టరుకు చెప్పకుండా మందు మార్చవద్దు, మానవద్దు. ముఖ్యంగా మూర్ఛ మందులు, కిడ్నీ మార్పిడి తరువాత వాడే మందులు.

చదువుకుంటున్న పిల్లలకు ఈ వారం ఒక పని: తాతయ్య, నాయనమ్మల మందుల అట్టలు తీసి, అసలు పేర్లు ఒక కాగితంపై రాసి ఇవ్వండి. ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ కాగితం వారి చేతిలో ఉండాలి.