వరిపొలం ఎండ్రకాయ: కాలు విడిచే నిర్మాణం

వరి మళ్ల గట్లలో బొరియలు తొలిచి నీటిని జారవిడిచే ఎండ్రకాయ (ఓజియోటెల్ఫ్యూసా సెనెక్స్ సెనెక్స్) రైతుకు బెడద, పరిశోధకునికి సులభంగా లభించే ప్రయోగజంతువు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో దీని నిర్మోచనం, హార్మోన్లు, కీటకనాశనుల ప్రభావం మీద విస్తృతంగా పరిశోధనలు జరిగాయి. దోమలగూడ వంటి నగర ప్రాంతాల కళాశాలల్లో చదివే విద్యార్థికి మాత్రం ఇది తరచు ఫార్మలిన్ సీసాలోనే దర్శనమిస్తుంది. సీసాలోని నమూనాకు ఒకటి రెండు కాళ్లు లేకుంటే, వాటిని విరిగినవని అనుకొని ఊరుకోరాదు. జంతువు తానే వాటిని విడిచి ఉండవచ్చు.

శిరోవక్షానికి ఐదు జతల కాళ్లుంటాయి. మొదటి జత డెక్కలు, తక్కినవి నడకకాళ్లు. కాలిలో కోక్సా, బేసిస్, ఇస్కియం, మెరస్, కార్పస్, ప్రోపోడస్, డాక్టిలస్ అనే ఖండాలు వరుసగా ఉన్నా, ఎండ్రకాయలో బేసిస్, ఇస్కియం కలిసిపోయి ఒకే ఖండంగా కనిపిస్తాయి. ఆ కలయిక వద్ద చుట్టూ సన్నని గాడి ఉంటుంది. దానిని దాటి ఏ కండరమూ పోదు. శత్రువు కాలిని పట్టినప్పుడు గాని, చివరి ఖండాలు నలిగినప్పుడు గాని, కాలి మొదట ఉన్న ప్రత్యేక కండరం బలంగా సంకోచించి కాలిని సరిగ్గా ఆ గాడి వద్దనే తెంచివేస్తుంది. లోపల ముందే సిద్ధంగా ఉన్న పలుచని పొర గాయాన్ని మూసివేస్తుంది. నాడి, రక్తనాళం పోయే చిన్న రంధ్రం కూడా త్వరలోనే పూడిపోతుంది. అందుచేత రక్తనష్టం స్వల్పం. కాలు మధ్యలో విరిగితే ఈ రక్షణ ఉండదు. అందుకే గాయపడిన ఎండ్రకాయ తరచు మిగిలిన మోడును కూడా విడుస్తుంది. ఈ ప్రతిచర్యకు ఆటోటమీ అనే పేరును 1883లో బెల్జియం శరీరధర్మశాస్త్రవేత్త లియోన్ ఫ్రెడరిక్ పెట్టాడు.

మోడు వద్ద చిన్న మొగ్గ బయలుదేరుతుంది. కొత్త కాలు పలుచని తొడుగులో ముడుచుకొని పెరిగి, నిర్మోచన సమయంలో విచ్చుకుంటుంది. తొలిసారి అది పొట్టిగానే ఉంటుంది. పూర్తి పరిమాణం రావడానికి మరికొన్ని నిర్మోచనాలు కావాలి.

విద్యార్థులు పట్టించుకోవలసిన విషయం ఇక్కడే ఉన్నది. నేత్రవృంతంలోని ఎక్స్-అవయవం నిర్మోచనాన్ని అణచిపెడితే, శిరోవక్షంలోని వై-అవయవం దానిని ప్రేరేపిస్తుంది. పలు కాళ్లు ఒకేసారి పోతే ఈ తూకం మారి నిర్మోచనం గడువుకు ముందే రావచ్చునని 1970లలో నేలపీత (గెకార్సినస్ లాటెరాలిస్) మీద జరిగిన ప్రయోగాలు చూపాయి. కనుక కాళ్లు లోపించిన ఎండ్రకాయలను మందు ప్రభావం పరీక్షించే ప్రయోగంలో చేర్చితే, మందు వల్ల వచ్చిన మార్పేదో, కాలు పోవడం వల్ల వచ్చినదేదో విడదీయడం కష్టం. పొలంలో నమూనాలు సేకరించేటప్పుడు కాలు పట్టి లాగక, వీపు చిప్పను వెనుకవైపు నుండి రెండు పక్కలా పట్టాలి. పట్టినవాటిని ఒకే బకెట్‌లో కుక్కితే అవి ఒకదాని కాళ్లు మరొకటి పట్టుకుంటాయి. విడివిడిగా తడి గడ్డిలో ఉంచి తేవడం మేలు.